పెట్టె ఒక ఇంటిది, అందులోని బతుకులు ఎందరివో: అమెరికా దక్షిణాది కుటుంబాల పాత కాగితాల కథ

1756 వేసవిలో సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ రేవులో ఎలియస్ బాల్ అనే తోట (బానిసలతో సాగు చేయించే పెద్ద వ్యవసాయ క్షేత్రం) యజమాని ఆరుగురు పిల్లల్ని కొన్నాడు. నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. కొన్న ప్రతిదానికీ లెక్క రాసుకునే మనిషి కాబట్టి, తాను పెట్టిన పేర్లూ చూసి కట్టిన వయసులూ పద్దులో ఎక్కించాడు. అందులో ప్రిసిల్లా అనే పిల్లకు పదేళ్లని ఉంది. పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్ నుంచి ‘హేర్’ అనే ఓడలో వచ్చిన పిల్ల. కన్నవాళ్లు ఆమెను ఏమని పిలిచారో ఆ పద్దులో లేదు.

బాల్ కుటుంబం కూపర్ నది ఒడ్డున తరతరాలుగా వరి పండించింది. వాళ్ల కాగితాలు ఇప్పుడు చార్లెస్టన్, కొలంబియా, చాపెల్ హిల్, డర్హమ్ ఊళ్లలోని నాలుగు గ్రంథాలయాల్లో ఉన్నాయి. 1990లలో అదే వంశంలో పుట్టిన పాత్రికేయుడు ఎడ్వర్డ్ బాల్ వాటిని ముందేసుకుని కూర్చున్నాడు. ప్రిసిల్లా పిల్లలెవరు, వాళ్ల పిల్లలెవరు అని తరం తర్వాత తరం దిగుతూ చార్లెస్టన్‌లో బతికున్న ఆమె వారసుల దాకా వచ్చాడు. ఓడ తాలూకు లెక్కలు న్యూయార్క్‌లోని ఒక చారిత్రక సంఘం దగ్గర విడిగా దొరికాయి. ఒక నల్లజాతి కుటుంబం తన తొలి పూర్వీకురాలిని ఏ ఓడలో తెచ్చారో కూడా చెప్పగలగడం అమెరికాలో చాలా అరుదు.

ఇది సాధ్యమైంది గొప్పవాళ్లకు రాసిన గొప్ప ఉత్తరాల వల్ల కాదు. ఏటా చలికాలం ముందు ఎవరికి ఎన్ని దుప్పట్లు ఇచ్చారు, ఎవరికి ఎన్ని గజాల గుడ్డ కొలిచారు, ఏ నెలలో ఎవరికి బిడ్డ పుట్టింది అనే జాబితాల వల్ల. ఇంట్లో సామాను సర్దుతూ ‘ఇవన్నీ చిల్లర లెక్కలు’ అని ఎవరైనా పొయ్యిలో పడేసే కాగితాలు అవే.

అందుకే దక్షిణాది పాత కుటుంబాల కాగితాల్ని కాపాడటం అంటే తాతముత్తాతల జ్ఞాపకాల్ని అటక మీంచి దించి దుమ్ము దులపడం అనుకుంటే సగమే అర్థమైనట్టు. ఒక ఇంటి పెట్టెలో రెండు జాతుల వంశవృక్షాలున్నాయి. ఒక జాతికి ఆ పెట్టె కాక చర్చి రిజిస్టర్లు, కోర్టు దస్తావేజులు, సమాధి రాళ్లు, ఇంకా ఎన్నో ఆధారాలున్నాయి. రెండో జాతికి చాలాసార్లు ఆ పెట్టె ఒక్కటే.

ఎందుకు ఒక్కటే అంటే, జనాభా లెక్కల దగ్గరికి వెళ్లాలి. 1850లోనూ 1860లోనూ అమెరికా ప్రభుత్వం బానిసలకు వేరే పట్టికలు పెట్టింది. వాటిలో యజమాని పేరు ఉంటుంది, కింద వరసలో వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి. మనుషుల పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు. విముక్తి తర్వాత జరిగిన 1870 జనాభా లెక్కల్లో మొదటిసారి వాళ్లంతా ఇంటిపేర్లతో సహా మనుషులుగా కనిపిస్తారు. వంశచరిత్ర వెతుక్కునే ఆఫ్రికన్ అమెరికన్లు ‘1870 గోడ’ అని పిలిచేది దీన్నే. విడుదలైన బానిసల సాయానికి ప్రభుత్వం పెట్టిన, 1865లో మొదలై 1872లో మూతపడిన ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో దస్త్రాలు ఆ గోడకు కొన్ని కంతలు పెడతాయి. అక్కడి నుంచి వెనక్కి పోవాలంటే మాత్రం పూర్వీకుల యజమాని ఎవరో కనుక్కుని, ఆ యజమాని ఇంటి కాగితాలు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిందే.

ఆ కాగితాల్లో ఏముంటాయో చూడాలంటే నార్త్ కరోలినాలోని కామెరన్ కుటుంబం మంచి ఉదాహరణ. 1860 నాటికి వాళ్లకు దాదాపు 30,000 ఎకరాలు, సుమారు 900 మంది బానిసలు. ఆ తోటల్లో స్టాగ్‌విల్ అనేది ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం నడిపే చారిత్రక స్థలం. కేరీ, మోరిస్‌విల్, డర్హమ్ చుట్టుపక్కల ఐటీ ఉద్యోగాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక శనివారం పొద్దున కారులో వెళ్లొచ్చేంత దగ్గర. అక్కడ బానిసలు కాల్చిన ఇటుకల మీద వాళ్ల వేలిముద్రలు ఇప్పటికీ కనిపిస్తాయి. కుటుంబపు కాగితాలు చాపెల్ హిల్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా వారి సదరన్ హిస్టారికల్ కలెక్షన్‌లో ఉన్నాయి. ఉత్తరాలు, రసీదులు, వైద్యుడి బిల్లులు, పిల్లల పుట్టుకల పట్టీలు, అన్నీ కలిపి వేలకు వేలు.

వాటిలో 1859 నాటి ఒక ఉత్తరం ఉంది. దాని వెనక కథ ఇది. 1848లో ఇంటి కూతురు మిల్‌డ్రెడ్ కామెరన్‌ను వైద్యం కోసం ఫిలడెల్ఫియా తీసుకెళ్లారు. కూడా వెళ్లిన పరిచారిక మేరీ వాకర్ అక్కడే తప్పించుకుంది. ఆమె తల్లీ పిల్లలూ నార్త్ కరోలినాలో కామెరన్ల దగ్గరే ఉండిపోయారు. పదకొండేళ్ల తర్వాత ఆమెకు ఆశ్రయమిచ్చిన భూగర్భ శాస్త్రవేత్త పీటర్ లెస్లీ నేరుగా మిల్‌డ్రెడ్‌కే రాశాడు: ఆ తల్లినీ పిల్లల్నీ డబ్బిచ్చి విడిపించుకుంటాం, ధర చెప్పండి అని. కామెరన్లు ఒప్పుకోలేదు. మేరీ తన పిల్లల్ని మళ్లీ చూసింది ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అంతర్యుద్ధం ముగిసిన 1865లోనే. ఒప్పుకోనివాళ్లు ఆ ఉత్తరాన్ని మాత్రం చింపెయ్యలేదు. మిగతా జాబులతో పాటే దాచారు. దక్షిణాది పెట్టెల్లో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. తమ మీద సాక్ష్యం చెప్పే కాగితాన్ని కూడా జాగ్రత్తగా మడత పెట్టి దాచుకున్న అలవాటు వాళ్లది.

చరిత్రకారుడు హెర్బర్ట్ గట్‌మన్ 1976లో కామెరన్ల పుట్టుకల పట్టీలనే, ఇంకా ఇలాంటి మరికొన్ని తోటల పట్టీలనే పక్కపక్కన పెట్టి చదివాడు. బానిసత్వం నల్లజాతి కుటుంబాన్ని పూర్తిగా ఛిన్నాభిన్నం చేసింది అనే మాట అప్పట్లో బలంగా ఉండేది. పట్టీలు వేరే సంగతి చెప్పాయి. తండ్రి పేరు కొడుక్కి, తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చారు. అమ్మకాలతో ఊళ్లు మారినా వరసలు మర్చిపోలేదు. యజమానుల ఇళ్లలో పినతండ్రి, మేనమామ పిల్లల మధ్య పెళ్లిళ్లు మామూలుగా జరుగుతుంటే, బానిసల్లో అవి కనిపించవు. మేనరికం ఇంటి మాటగా వినే మనకు ఈ తేడా ఎంత పెద్ద ఆనవాలో వేరే చెప్పక్కర్లేదు. ఎవరికి ఎవరు ఏమవుతారో తరాల పాటు గుర్తుపెట్టుకున్నవాళ్లే అలాంటి నియమం పాటించగలరు. ఈ సంగతి ఏ ఉత్తరంలోనూ ఎవరూ రాయలేదు. పట్టీ మొత్తం, చిరగకుండా, వరస తప్పకుండా మిగిలింది కాబట్టే తేలింది.

వరస అన్న మాట దగ్గర ఆగాలి. ఆర్కైవ్స్‌లో (పాత పత్రాల్ని భద్రపరిచే సంస్థల్లో) పనిచేసేవాళ్లు ఒకటికి పదిసార్లు చెప్పేది ఇదే: కట్ట విప్పొద్దు. పాత ఉత్తరాలు దొరగ్గానే మనం చేసే మొదటి పని తేదీల ప్రకారం పేర్చడం, ‘ముఖ్యమైనవి’ పక్కకు తీయడం. కానీ ఏ ఉత్తరాన్ని ఏ రసీదుతో కలిపి కట్టారు అన్నది కూడా సమాచారమే. తేదీ, ఊరు, ఇంటిపేరు లేకుండా ‘హ్యానా బిడ్డకు మందు’ అని ఒక చీటీ ఉందనుకోండి. అది ఏ సంవత్సరపు, ఏ తోట కట్టలో ఉందో తెలిస్తే హ్యానా ఎవరో తెలుస్తుంది. విడిగా తీస్తే అది ఒట్టి చీటీ. అందుకే ఆర్కైవ్స్ ఒక ఇంటి కాగితాల్ని ఇంకో ఇంటివాటితో కలపవు, వచ్చిన వరసను వీలైనంత వరకు చెరపవు. విప్పక తప్పకపోతే, విప్పే ముందు ఫొటో తీసి, పెన్సిల్‌తో నంబర్లు వేయమంటాయి. పెన్ను మాత్రం ఆ గదిలోకే రానివ్వరు.

ఇక కాగితం సంగతి. వినడానికి వింతగా ఉంటుంది కానీ 1790 నాటి ఉత్తరం చాలాసార్లు 1890 నాటి ఉత్తరం కన్నా గట్టిగా ఉంటుంది. పాత కాగితం నార, నూలు గుడ్డపీలికల గుజ్జుతో చేసింది. 19వ శతాబ్దం రెండో సగంలో చవకగా దొరికే కలప గుజ్జు వచ్చింది. సిరా పాకకుండా పటిక, గుగ్గిలం కలిపి పూత వేయడం అంతకు ముందే మొదలైంది. ఆ పటిక కాగితంలో ఆమ్లం పుట్టిస్తుంది. కలప కాగితం పసుపెక్కి, గోధుమరంగుకు తిరిగి, మడత విప్పగానే పెంకులా విరుగుతుంది. ముత్తాత ఉత్తరం నిక్షేపంగా ఉండి, తాత ఉత్తరం చేతిలో పొడి కావడానికి కారణం ఇదే.

గుడ్డ కాగితానికి ఇంకో శత్రువు దాని మీదున్న సిరాయే. మాచికాయ, అన్నభేది (ఇనుము ఉండే ఒక లవణం), తుమ్మబంక కలిపి చేసే నల్ల సిరా అది. రాసినప్పుడు చక్కగా కాగితంలోకి దిగుతుంది, నీళ్లకు అంత తేలిగ్గా చెరగదు. అన్నభేది పాలు ఎక్కువైతే మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ అక్షరం చుట్టూ గోధుమరంగు మచ్చ పాకి, చివరికి అక్షరం ఉన్నచోట కన్నం పడుతుంది. సంతకాలు, కిందగీతలు, సిరా ఎక్కువ పడ్డ చోట్లు ముందు పోతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఇది ఇంకా తొందరగా సాగుతుంది. చార్లెస్టన్, సవానా, న్యూ ఆర్లీన్స్ లాంటి ఊళ్లలో తేమకు ఏం తక్కువ? మన కోస్తా ఊళ్లలో ఇంట్లో పుస్తకం పెట్టుకున్నవాళ్లెవరికైనా తెలిసిన బాధే.

యుద్ధకాలం ఉత్తరాలది మరో రకం అవస్థ. 1861 తర్వాత ఉత్తరాది నౌకాదళం రేవులు దిగ్బంధం చేయడంతో దక్షిణాదిలో కాగితానికి కరువొచ్చింది. వచ్చిన కవర్‌ను తిరగేసి మళ్లీ వాడారు. గోడలకు అంటించే రంగు కాగితం వెనక రాశారు. 1863 జులైలో మిసిసిపీ రాష్ట్రంలోని విక్స్‌బర్గ్ ముట్టడి చివర్లో అక్కడి పత్రికనే గోడ కాగితం మీద అచ్చేశారు. అడవి పండ్ల రసంతో చేసిన సిరాలు వెలుతురుకు ఇట్టే వెలిసిపోతాయి. అలాంటి ఉత్తరాన్ని ఫ్రేమ్ కట్టి హాల్లో వేలాడదీస్తే కొన్నాళ్లకు గాజు వెనక ఒట్టి కాగితం మిగులుతుంది. అంతకు ముందు తరంలో ఇంకో చిక్కు. 1845 దాకా తపాలా ఖర్చు కాగితాల సంఖ్యను బట్టి, దూరాన్ని బట్టి ఉండేది. దాంతో ఒక కాగితం నిండా రాసి, దాన్ని అడ్డంగా తిప్పి అదే రాత మీద మళ్లీ రాసేవాళ్లు. వీటిని చదవడమే ఒక విద్య.

కాపాడాలని చేసిన పనే కాగితాల్ని చెడగొట్టిన ఉదంతం కూడా దక్షిణాదిలోనే ఉంది. వర్జీనియాలో విలియమ్ బారో 1930లలో ఒక పద్ధతి తెచ్చాడు. పాత పత్రానికి రెండు వైపులా సెల్యులోజ్ ఎసిటేట్ పొర పెట్టి వేడి యంత్రంలో నొక్కడం. పొడైపోతున్న కాగితం గట్టి అట్టలా వచ్చేది. కాగితంలోని ఆమ్లమే అసలు జబ్బని నమ్మించి, ముందు దాన్ని పోగొట్టాలని చెప్పింది కూడా ఆయనే. ఆ మేలు చిన్నది కాదు. కానీ ప్లాస్టిక్ పొర తనే పాతబడుతుంది. పసుపెక్కుతుంది, వెనిగర్ వాసనతో ఆమ్లం వదులుతుంది. ఇప్పుడు నిపుణులు అలాంటి పత్రాల్ని ఒక్కొక్కటిగా ఎసిటోన్‌లో నానబెట్టి పొర వదిలిస్తున్నారు. ఈ కథకు మన వైపు కొస కూడా ఉంది. అంత ఖరీదైన యంత్రం అక్కర్లేకుండా ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా, ఎసిటోన్‌లో ముంచిన దూదితో చేత్తోనే ఆ పొర అతికించే పద్ధతి కనిపెట్టింది. అది మన దేశంలో బాగా వాడుకలోకి వచ్చింది. కాబట్టి అమ్మమ్మ ఉత్తరాన్ని జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి ‘లామినేషన్ చేయించేద్దాం’ అనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆగండి. సెల్లో టేపు కూడా వద్దు. దాని జిగురు కాగితంలోకి ఇంకి మచ్చ కడుతుంది, తర్వాత ఎవరి తరమూ కాదు.

ఇప్పుడు అసలు చిక్కుముడి. ఈ కాగితాలు పోగేసినవాళ్లు ఎవరు, ఎందుకు పోగేశారు?

సదరన్ హిస్టారికల్ కలెక్షన్ 1930లో మొదలైంది. దాని వెనకున్న జె. జి. డి రోలాక్ హామిల్టన్ అనే ఆచార్యుడు కారేసుకుని దక్షిణాది రాష్ట్రాలన్నీ తిరిగాడు. పాత ఇళ్ల తలుపు తట్టి, ఇంటి పెద్దావిడతో మాట కలిపి, అటక ఎక్కి, పెట్టెలు వెనక సీట్లో వేసుకుని వచ్చేవాడు. తమ రాష్ట్రపు ఆస్తి ఎత్తుకుపోతున్నాడని పక్క రాష్ట్రాలవాళ్లకు కడుపుమంట. ఊళ్లు దోచేవాడనే అర్థంలో ఆయనకు ‘రాన్‌సాక్’ అని పేరు పెట్టారు. ఆయన కదలకపోతే ఎలకలు, మంటలు, వరదలు ఎన్ని పెట్టెల్ని మింగేవో. అదే మనిషి చరిత్ర రాసేటప్పుడు మాత్రం పూర్తిగా తెల్ల యజమానుల పక్షం. యుద్ధం తర్వాత నల్లవాళ్లకు ఓటు రావడమే దక్షిణాదికి పట్టిన దుర్దశ అని రాసిన బృందంలోవాడు. తన వర్గపు కీర్తి కోసం పోగేసిన పెట్టెల్లోనే దానికి ఎదురు సాక్ష్యం కూడా వచ్చి చేరింది. అప్పట్లో వాటిని తెరిచి ఆ దృష్టితో చదివేవాళ్లు లోపలికి రాగలిగేవాళ్లు కాదు, అంతే తేడా.

ఎలా రానిచ్చేవాళ్లో 1939లో పక్క ఊరు రాలీలో జరిగింది చూడండి. తర్వాత పెద్ద చరిత్రకారుడైన జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అప్పుడు పరిశోధక విద్యార్థి. రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్తే, ఈ భవనం కట్టినప్పుడు నల్లవాళ్లు చదువుకోవడానికి వస్తారని ఎవరూ అనుకోలేదని అక్కడి అధికారి చెప్పాడు. కొన్ని రోజుల్లో విడిగా ఒక చిన్న గది, బల్ల, కుర్చీ ఏర్పాటు చేశారు. తెల్ల సహాయకులు నల్లవాడికి కాగితాలు తెచ్చివ్వరు కాబట్టి, అల్మారాల గది తాళం చెవి ఆయన చేతికే ఇచ్చారు. రెండు వారాలు గడిచాయో లేదో, అతనికేనా ఆ వెసులుబాటు అని తెల్ల పరిశోధకులు ఫిర్యాదు చేశారు. తాళం చెవి వెనక్కి తీసుకున్నారు. అదే సహాయకులు కాగితాలు తెచ్చివ్వడం మొదలుపెట్టారు.

యజమాని పెట్టె బానిస మాటకు సాక్ష్యం పలికిన సందర్భాల్లో నాకు అన్నిటికన్నా గుర్తుండేది హ్యారియెట్ జేకబ్స్‌ది. నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో ఆమె మీద కన్నేసిన డాక్టర్ జేమ్స్ నార్కమ్ నుంచి తప్పించుకుని, అమ్మమ్మ ఇంటి చూరు కింద నిలబడటానికి కూడా వీల్లేని కంతలో దాదాపు ఏడేళ్లు దాక్కుంది. 1861లో మారుపేరుతో ఆత్మకథ అచ్చయింది. అందులో మనుషుల పేర్లూ మార్చేసింది. దాంతో నూరేళ్లకు పైగా చాలామంది దాన్ని ఏ తెల్ల రచయిత్రో అల్లిన నవల అనుకున్నారు. 1980లలో జీన్ ఫేగన్ యెల్లిన్ అనే పరిశోధకురాలు జేకబ్స్ స్నేహితురాళ్లకు రాసిన ఉత్తరాల్ని, రాష్ట్ర ఆర్కైవ్స్‌లోని నార్కమ్ కుటుంబపు కాగితాల్ని పుస్తకంతో పోల్చి చూసింది. మనుషులు సరిపోయారు, ఇళ్లు సరిపోయాయి, సంఘటనలు సరిపోయాయి. 1835లో నార్కమ్ ఆమెను పట్టిస్తే 100 డాలర్లని ఇచ్చిన పత్రికా ప్రకటన కూడా దొరికింది. నార్కమ్ వారసులు ఆ ఉత్తరాల్ని పరువు తక్కువని తగలబెట్టి ఉంటే, జేకబ్స్ ఇప్పటికీ ఎవరో సృష్టించిన పాత్రగానే మిగిలేది.

తగలబెట్టడం అరుదేమీ కాదు. మార్తా వాషింగ్టన్ తన భర్త జార్జ్ రాసిన ఉత్తరాల్ని తానే నాశనం చేసింది. 1775 జూన్ 18న ఆయన ఫిలడెల్ఫియా నుంచి రాసినది సహా ఒకటి రెండు, రాతబల్ల సొరుగు వెనక ఇరుక్కుని బయటపడ్డాయని చెబుతారు. దాచుకున్న ప్రతి పెట్టె వెనకా ఎవరో ఏరి పారేసిన కుప్ప ఒకటి ఉంటుందని గుర్తుపెట్టుకుని చదవాలి.

మరి ఇవి ఎవరివి? చట్టం ప్రకారం ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని మాటల మీద హక్కు రాసినవారిది. అచ్చుకాని ఉత్తరాలకు ఆ హక్కు రాసిన మనిషి చనిపోయాక 70 ఏళ్ల దాకా ఉంటుంది. ఇంట్లో ఎవరూ గమనించక పడి ఉన్న కాగితం ప్రభుత్వానిదా, ఇంటివాళ్లదా అనే తగాదా కూడా కోర్టుకెక్కింది. సౌత్ కరోలినాలో ఒకాయనకు ఇంటి అలమరలోని సంచిలో 440కి పైగా పత్రాలు కనిపించాయి. అంతర్యుద్ధ కాలంలో ఆ రాష్ట్ర గవర్నర్లిద్దరి వ్యవహారాలవి. 2004లో వేలానికి పెట్టబోతే ఇవి మావి అని రాష్ట్రం అడ్డం పడింది. 2006లో ఫెడరల్ అప్పీలు కోర్టు కుటుంబం వైపే తీర్పిచ్చింది. తరాలుగా ఎవరి చేతిలో ఉంటే వాళ్లవేనని ముందు అనుకోవాలి, కాదని నిరూపించే భారం అడిగినవాళ్లదే అని. ఇంటి ప్రశాంతత దృష్ట్యా అది న్యాయమే. కానీ వేలం పాటలో కట్ట విడిపోయి ఒక్కో కాగితం ఒక్కో ఊరికి పోతే ఇందాక చెప్పిన వరస మాటేమిటి? ప్రిసిల్లా వారసులకు బాల్ కాగితాల మీద చట్టం ఇచ్చే హక్కు ఏమీ లేదు. ఈ లోటు కోర్టులు తీర్చేది కాదని నా అభిప్రాయం. తీర్చగలిగింది ఆర్కైవ్స్‌వాళ్లు ఏ పెట్టెలో ఏముందో రాసే పట్టిక.

దశాబ్దాల పాటు ఆ పట్టికలు యజమాని కళ్లతోనే రాశారు. ‘ప్రముఖ తోట యజమాని, రాజకీయవేత్త కుటుంబ పత్రాలు’ అని పేజీ నిండా వాళ్ల పెళ్లిళ్లు, పదవులు ఉంటాయి. చివర ‘కొన్ని బానిసల జాబితాలు’ అని ఒక్క ముక్క. పేర్లు పట్టికలో లేకపోతే కాగితం ఉండి కూడా లేనట్టే. ఎవరి ముత్తవ్వ ఏ పెట్టెలో ఉందో వెతికే దారి ఉండదు. చాపెల్ హిల్‌లో సహా చాలాచోట్ల ఇప్పుడీ వివరణలు తిరగరాస్తున్నారు. జాబితాల్లోని పేర్లను విడివిడిగా ఎక్కిస్తున్నారు. నార్త్ కరోలినాలోనే గ్రీన్స్‌బరో విశ్వవిద్యాలయం కౌంటీ దస్తావేజుల్లోని అమ్మకపు పత్రాల నుంచి పేర్లు తీసి అందరూ వెతుక్కునేలా పెట్టింది. నెమ్మదిగా సాగే పని. ఆ చేతిరాతలో ‘ఫిబీ’ని ‘ఫెబ్రీ’ అని చదివితే ఒక మనిషి మళ్లీ మాయమైపోతుంది.

ఇంకా అటకల మీదున్న పెట్టెలు చాలానే ఉన్నాయి. అలాంటి ఇంటివాళ్లు చేయాల్సింది మరీ కష్టమేమీ కాదు. అటకా, నేలమాళిగా వద్దు. మనుషులు కాపురముండే గదిలో, బయటి గోడకు దూరంగా, ఆమ్లం లేని అట్టపెట్టెలో పెట్టాలి. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉంటే మేలు. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసెయ్యాలి. వరదలో తడిస్తే ఎండలో పరచొద్దు. రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది, ఈలోగా సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే నిపుణులు తర్వాత నిదానంగా ఆరబెట్టగలరు. మామూలు ప్లాస్టిక్ కవర్లు వద్దు, పాలియెస్టర్‌వి పర్వాలేదు. స్కాన్ చేసినంత మాత్రాన అసలు కాగితం పారేయొద్దు.

ఇవ్వడానికి మనసొప్పనివాళ్లూ ఉంటారు. తాత ఎవరినో అమ్మిన రసీదు ఊళ్లో అందరూ చూస్తారని సిగ్గు. అలాంటివాళ్లు అసలు కాగితాలు ఉంచుకుని స్కాన్లు మాత్రం ఇచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు, కొన్ని ఆర్కైవ్స్ ఒప్పుకుంటాయి. సొంత ఉత్తరాలు కొన్నేళ్ల పాటు తెరవకూడదని దానపత్రంలో షరతు కూడా పెట్టుకోవచ్చు. ఆ షరతు దుప్పట్ల జాబితాకు, పుట్టుకల పట్టీకి, కొనుగోలు రసీదులకు వర్తించకుండా రాసుకుంటే చాలు. ఆ పేజీలకు వారసులు ఇంకో ఇంట్లో ఉన్నారు.